రెండు పేటలు, రెండు పన్నులు

టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరమున పడమట పేదల ఎడ్జ్‌వుడ్, ఉత్తరమున సంపన్నుల అలమో హైట్స్. రెండింటను ఉన్నవి ప్రభుత్వ పాఠశాలలే.

1967–68లో నూరు డాలర్ల ఆస్తికి ఎడ్జ్‌వుడ్ వారు 1.05 డాలరు, అలమో హైట్స్ వారు 85 సెంట్లు పన్ను కట్టిరి. రాష్ట్రనిధి వాటా పోను, స్థానికపు పన్నువలన విద్యార్థి కొక్కనికి ఎడ్జ్‌వుడ్‌లో మిగిలినది 26 డాలర్లు; అలమో హైట్స్‌లో 333! ఎక్కువ కట్టినవారికే తక్కువ దక్కుట విడ్డూరము కాదా? ఆస్తుల విలువలోని అంతరమే దీనికి మూలము.

1968 మే మాసమున ఎడ్జ్‌వుడ్ విద్యార్థులు తరగతులు విడిచి వీధికెక్కిరి. డెమెట్రియో రోడ్రిగెజ్ మొదలగు తల్లిదండ్రులు వ్యాజ్యము వేసిరి. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యతతో దానిని త్రోసిపుచ్చెను. విద్య ఆ దేశపు రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదట! మేమైతే భిన్నాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ పక్షమే వహింతుము.

1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఆ విధానము రాష్ట్ర రాజ్యాంగమునకు విరుద్ధమని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. నాడు వీధికెక్కిన పిల్లలకు అప్పటికే బడియీడు దాటి చాల ఏండ్లాయెను.