ఛాయాచిత్ర కూర్పులో రేఖలు, పరిప్రేక్ష్యం

ఛాయాచిత్రంలో చూపరి దృష్టిని ఒక చోటికి నడిపించే రోడ్డు అంచు, రైలు పట్టా, చెట్ల వరుస వంటివాటిని మార్గదర్శక రేఖలు అంటారు. సమాంతర రేఖలు దూరం పెరిగేకొద్దీ దగ్గరవుతూ ఒక బిందువు వద్ద కలుస్తున్నట్టు కనిపించడం పరిప్రేక్ష్యం (పర్‌స్పెక్టివ్) ప్రధాన లక్షణం. చదునైన చిత్రంలో లోతు ఉన్న భావన కలిగేది ప్రధానంగా దీనివల్లే.

జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో ఈ సూత్రాలను సులువుగా గమనించవచ్చు. 1907లో ఉక్కు కర్మాగారానికి ఎంపికైన ఈ ప్రాంతంలో ప్రణాళికాబద్ధమైన నగరం వెలసింది. 1958లో ప్రారంభమైన జూబ్లీ పార్కులో తిన్నని బాట మధ్యన నిలిచి తీస్తే చిత్రం నిశ్చలంగా తోస్తుంది. పక్కకు జరిగితే అవే అంచులు ఏటవాలు రేఖలై చలనాన్ని సూచిస్తాయి. కెమెరాను పైకి వంచి కర్మాగారపు పొగగొట్టాలను తీస్తే నిలువు రేఖలు పైభాగాన దగ్గరవుతాయి.

పరిప్రేక్ష్యాన్ని నిర్ణయించేది కటకం కాదు, కెమెరా నిలిచిన చోటు. వార్తా చిత్రాలలో ఇది కీలకం. సాక్చి బజారు వీధిని దూరం నుంచి టెలిఫొటో కటకంతో తీస్తే, ముందూ వెనుకా నడుస్తున్నవారు ఒకరినొకరు ఒరుసుకుంటున్నట్టు కనిపిస్తారు. దగ్గర నుంచి వైడ్ కటకంతో తీస్తే జనం పలుచగా తోస్తారు. చిత్రాన్ని ఎవరూ మార్చకపోయినా చూపరి అభిప్రాయం మారిపోతుంది. 2020లో కరోనా వేళ డెన్మార్క్ వార్తాచిత్ర సంస్థ రిట్జావ్ స్కాన్‌పిక్స్ ఛాయాగ్రాహకులు కోపెన్‌హాగెన్‌లో ఒకే దృశ్యాన్ని రెండు విధాలుగా తీసి ఈ తేడాను చూపారు.

అందువల్ల ఒక్క చిత్రాన్ని బట్టి రద్దీని నిర్ధారించడం సరికాదు. మనుషుల మధ్య ఎడం తెలియాలంటే ఎత్తు నుంచి తీసిన చిత్రాన్ని కూడా పరిశీలించాలి.