కరువు నేల కాపాడిన జీపులు

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన 1953 అక్టోబరు 1 నాటికి ఊళ్లో సర్కారు ఆఫీసులకు సరిపడా గదులు లేవు. గుడారాలు వేశారు. ఉద్యోగులు వాటిలోనే పనిచేశారు, వాటిలోనే కాపురమున్నారు. అంతకు ఏడాది ముందు, 1952 అక్టోబరు 2న, దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. దాంతో పల్లెలకు బ్లాకాఫీసు వచ్చింది, బ్లాకాఫీసుతో పాటే జీపు వచ్చింది.

జీపు అవసరం ఎంతో ఈ రాయలసీమను చూస్తే తెలుస్తుంది. కుందూ నది పక్కన రేగడి చేలు, బేతంచెర్ల నాపరాయి గనుల దారులు, కర్నూలు-కడప (కె.సి.) కాలువ గట్లు, నల్లమల కనుమలు. ఎద్దులబండి పోయే చోటికల్లా పోగలిగిన మోటారు బండి అప్పట్లో దాదాపు ఇదొక్కటే. సినిమాలు రాయలసీమ జీపుకు బాంబుల వాసన అంటగట్టాయి. ఆ అన్యాయం నన్ను బాధపెడుతుంది. ఈ జీపు మోసినది టీకా మందుల పెట్టెలను, వేరుశనగ విత్తనాల బస్తాలను, ఓటు పెట్టెలను. నొప్పులు పడుతున్న ఆడకూతుర్ని రాత్రికి రాత్రి పెద్దాసుపత్రికి చేర్చిందీ ఇదే.

దీని పుట్టుక యుద్ధంలో. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకు లేఖలు రాసి, 49 రోజుల్లో నమూనా బండి కావాలంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ చేసి చూపించింది. పెద్ద ఎత్తున తయారుచేసినవి మాత్రం విల్లీస్, ఫోర్డ్. యుద్ధం ముగిసేసరికి ఆరు లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్‌గా మొదలై, 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారిన సంస్థ, విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడే తయారుచేసింది. ఎత్తయిన బానెట్ ఉన్న సీజే-3బీ మన ఊళ్లకు బాగా తెలిసిన జీపు. అమెరికాలో దాని తయారీ 1968లో ఆగిపోయింది. మన దగ్గర ఆ ఆకారం ఆ తర్వాత కూడా దశాబ్దాలు నడిచింది. మిలిటరీ వేలంలో కొన్న డిస్పోజల్ జీపులు వీటికి అదనం.

ఇప్పుడు ఆ జీపుల్లో మిగిలినవి కొన్ని రైతుల కల్లాల్లో, కొన్ని మెకానిక్ షెడ్ల వెనక, తుమ్మచెట్ల కింద కనిపిస్తాయి. పాత జీపును తిరిగి నిలబెట్టాలనే కుర్రవాళ్లు ఈమధ్య పెరిగారు. అది నాకు సంతోషం. వాళ్లు ముందుగా పోరాడాల్సింది తుప్పుతో. ఆ పోరాటంలో తుప్పుతో పాటు చరిత్ర కూడా కొట్టుకుపోతున్న బండ్లు చాలా ఉన్నాయి. ఈ వ్యాసం అందుకోసమే.

ఇనుము తుప్పు పట్టాలంటే గాలిలోని ఆక్సిజన్ ఒక్కటే చాలదు, తడి కావాలి. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే తుప్పు వేగం అందుకుంటుంది. దానికి ఉప్పు తోడైతే చెప్పనక్కర్లేదు. కాకినాడలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలికి నిలబెట్టిన బండి తలుపులు, మడ్‌గార్డులు పైనుంచే తినుకుపోతాయి. కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి పొడి. వాన కోసం ఆకాశం వైపు చూసి చూసి అలిసిన నేల ఇది. ఆ కరువే ఇనుమును కాపాడింది. అందుకే ఇక్కడి జీపు బానెట్ మీద రంగు ఎండకు పూర్తిగా వెలిసిపోయినా, కింద రేకు గట్టిగానే ఉంటుంది.

అలాగని ఇక్కడి బండికి తుప్పు లేదనుకుంటే పొరపాటు. అది పైనుంచి రాదు, కింద నుంచి వస్తుంది. నల్లరేగడి బంకమట్టి ఛాసీ లోపలి మూలల్లో, స్ప్రింగు బ్రాకెట్ల సందుల్లో కూరుకుపోతుంది. పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల చెమ్మ పోదు. ఎర్రనేలలో తిరిగిన బండికి ఈ బెడద తక్కువ, ఆ మట్టి త్వరగా ఆరి రాలిపోతుంది. ఎరువు బస్తాల నుంచి రాలిన యూరియా, డీఏపీ గింజలు రబ్బరు మ్యాటు కిందికి చేరి, ఒక్క వానచినుకుకు కరిగి, ఫ్లోరును తినేస్తాయి. మూడోది ఉప్పుబోరు. బండిని శుభ్రంగా ఉంచాలని రోజూ ఆ నీళ్లతో కడిగితే, నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు ఉండిపోతుంది.

వరద సంగతి వేరు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. ఆ రోజుల్లోనే శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, రాజంపేట దగ్గర ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయిన చోట బండ్ల గురించి మాట్లాడడానికి మనసొప్పదు. కానీ ఆ నీళ్లలో మునిగిన బండ్లను తర్వాత ఆరబెట్టి, కడిగి, అమ్మేశారు. వరదలో మునిగిన బండిలో తుప్పు అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా ఉండదు. ఒండ్రు ఎంతవరకు నిలిచిందో అక్కడ, మూసి ఉన్న పెట్టె భాగాల లోపల, ఒక గీత మాదిరిగా కనబడుతుంది. జీపు కొనేవాళ్లు సీటు కింద, డాష్‌బోర్డు వెనక టార్చి వేసి ఈ గీత కోసం చూడాలి.

తుప్పు ఎక్కడుందో కనిపెట్టడం చెవితో చేసే పని. కర్నూలులో ఒక పాత షెడ్డులో టింకరింగ్ మేస్త్రీ చిన్న సుత్తితో ఫ్లోరు మీద తడుతూ పోతుంటే పక్కనే కూర్చుని విన్నాను. డ్రైవరు కాళ్ల దగ్గర ఖంగుమంది. వెనక పనిముట్ల పెట్టె దగ్గరికి వచ్చేసరికి శబ్దం చచ్చిపోయింది. "సూడు సార్, గట్టి రేకు గంట మాదిరి మోగల్ల. ఈడ సప్పగుండాది. రంగు తప్ప ఏం లేదీడ," అని స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా నొక్కాడు. మొన లోపలికి దిగిపోయింది. చుట్టూ పెచ్చులు లేచాయి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు ఉబ్బుతుంది, రెండు రేకుల అతుకులు విడిపోతాయి.

యుద్ధకాలపు విల్లీస్‌లో తుప్పుకు ఇంకో రహస్య స్థావరం ఉంది. ఫ్లోరు కింద టోపీ ఆకారంలో ఉండే ఆనుపట్టీల లోపల అప్పట్లో చెక్క దూర్చేవారు. చెక్క తడిని పీల్చి పట్టుకుంటుంది. పైన ఫ్లోరు నిగనిగలాడుతున్నా, లోపలి నుంచి పట్టీ మొత్తం పొడి అయిపోయి ఉంటుంది. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట కూడా అలాంటిదే. నీళ్లు దిగుతాయి, బయటికి పోయే రంధ్రం మట్టితో మూసుకుపోతుంది.

ఇక తుప్పు తీయడం. వైరు బ్రష్షు, గ్రైండరు, గరుకు కాగితం అందరికీ తెలిసినవే. ఇసుక బ్లాస్టింగ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మందమైన ఛాసీకి అది మంచి పద్ధతి. మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న బాడీ రేకుకు అదే ఒత్తిడి పెడితే రేకు వంకరపోతుంది, మళ్లీ దారికి రాదు. మామూలు ఇసుకతో బ్లాస్టింగ్ చేస్తే ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. దాని పేరు సిలికోసిస్, దానికి నయమయ్యే మందు లేదు. గార్నెట్ లాంటి రాపిడి పొడులు దొరుకుతాయి, అవే వాడాలి, మంచి మాస్కు ఉండాలి. పాత రంగుల్లో సీసం, క్రోమేట్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, పొడిగా గీకకుండా తడి చేసి గీకడం మేలు. కూలికి వచ్చిన పిల్లాడి ముక్కుకు తువ్వాలు కట్టి ఈ పని చేయించడం నేరమని నా అభిప్రాయం.

చిన్న భాగాలకు రసాయనాలు సరిపోతాయి. చక్కెర ఫ్యాక్టరీ మొలాసిస్‌ను నీళ్లలో కలిపి బోల్టులు, బ్రాకెట్లు వారాల తరబడి నానబెడితే తుప్పు మెల్లగా వదులుతుంది, ఇనుము పెద్దగా దెబ్బతినదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కూడా తుప్పును వదిలిస్తుంది. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం వద్దు. క్షణాల్లో మెరిపిస్తుంది, కానీ అందులోని క్లోరైడు రేకు సందుల్లో మిగిలిపోయి కొత్త తుప్పుకు విత్తనమవుతుంది. బ్యాటరీ చార్జరు, చాకలి సోడా నీళ్లతో విద్యుత్తు పద్ధతి కూడా ఉంది. వస్తువుకు నెగటివ్, పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్ తగిలిస్తారు. హైడ్రోజన్ వాయువు పుడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడకూడదు, విషపు క్రోమియం నీళ్లలో కలుస్తుంది.

గీకినా పోని సన్నని తుప్పు గుంటల్లో మిగులుతుంది. దానికి కన్వర్టర్ అనే ద్రావకం పూస్తారు. ఒక రకం కన్వర్టర్‌లోని ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఎండావానల్లో నిలబడడానికి కారణం ఆ ఇనుములో ఎక్కువగా ఉన్న ఫాస్ఫరస్ వల్ల ఏర్పడిన ఇలాంటి ఫాస్ఫేట్ రక్షణ పొర అని ఐఐటీ కాన్పూర్ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణ్యం తన పరిశోధనల్లో చూపించారు. రెండో రకం కన్వర్టర్‌లో టానిన్ ఉంటుంది. ఎర్రటి తుప్పు మీద పూయగానే కళ్లముందే నల్లబడుతుంది. ఈ నలుపు రాయలసీమకు కొత్తది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు తుప్పు ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద ఆ నీటితో గీత గీస్తారు. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి చెరగని నలుపు పుడుతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి మన పెద్దలు చేసుకున్న సిరా కూడా అదే. జీపు ఫ్లోరు మీద పరుచుకునే ఆ నల్లపొరను చూసినప్పుడు నాకు కలంకారీ పనివాళ్ల కుండలు గుర్తొస్తాయి.

చిల్లు పడిన చోట ఏం చేయాలన్నది అసలు పరీక్ష. మార్కెట్లో కొత్త బాడీ మొత్తం దొరుకుతుంది. పాతది తీసి పాత ఇనుము కొట్టుకు వేసి, కొత్తది బిగిస్తే పని తేలిక. అప్పుడు మిగిలేది పాత నంబరు తగిలించుకున్న కొత్త బండి. తుప్పు తిన్నంత మేరకు కోసి, గట్టి రేకు తగిలే దాకా వెళ్లి, అంతే ముక్కను అంచుకు అంచు ఆనించి వెల్డింగ్ పెట్టడం కష్టమైన పని. ఒక రేకు మీద ఇంకో రేకు పరిచి అతికితే మధ్యలో చెమ్మ చేరి మళ్లీ మొదటికొస్తుంది. చుక్క చుక్కగా, చల్లారనిస్తూ పెట్టాలి. చిల్లును లప్పంతో పూడ్చి రంగు కొట్టడం కొనేవాణ్ని మోసం చేయడమే. పెట్రోలు ట్యాంకు జోలికి వెళ్లేముందు పూర్తిగా కడిగి, ఆవిరి లేకుండా చేయాలి. ఖాళీ ట్యాంకు అనుకుని వెల్డింగ్ టార్చి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది.

తుప్పు తీసిన రేకును వట్టిగా వదలకూడదు. వానాకాలమైతే గంటల్లోనే నారింజ రంగు పొర వచ్చేస్తుంది. ఈ పనికి సీమలో మంచి అదను వేసవి. మృగశిర రాకముందే రేకు పని ముగించుకోవాలి. రోహిణి కార్తెలో గాలి పొడిగా ఉండి మేలు చేసినా, మధ్యాహ్నం రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు ప్రైమర్ కొడితే అంటుకునేలోపే ఆరిపోయి పెళుసుబారుతుంది. తెల్లవారుజామునే కొట్టాలి.

మనవాళ్లు తరతరాలుగా వాడే ప్రైమర్ రెడ్ ఆక్సైడ్. అందులోని ఎరుపు ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకు దగ్గరి చుట్టమే. మన ఎర్రనేలల రంగూ అదే. ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో ఇదే ఐరన్ ఆక్సైడ్ రంగునిచ్చే ఓకర్ మట్టి గనులు ఉన్నాయి.  అయితే రెడ్ ఆక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేయకూడదు, అది తేమను పీలుస్తుంది. పైన ఎనామెల్ తప్పనిసరి. ఖర్చు భరించగలిగితే ఎపాక్సీ ప్రైమర్ ఇంకా మేలు.

పాత రేకును కాపాడుకోవాలని నేను పట్టుబట్టడానికి చట్టంలో కూడా ఆసరా ఉంది. 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, ఛాసీలో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేయని బండికే ఆ హోదా. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. అంటే 1953 నాటి బండ్లు సరే, 1970ల మొదట్లో బ్లాకాఫీసుల్లో తిరిగిన జీపులు కూడా ఇప్పుడు ఆ వయసుకు చేరాయి. ఇంజన్ మార్చేసినవాటికి అది దొరకదు. మార్చనివాటికి దొరకాలంటే బండి దాని అసలు గుర్తులతో ఉండాలి. ఛాసీ పట్టీ మీద పంచ్ కొట్టిన నంబరును గ్రైండరు ఒక్క నిమిషంలో అరగదీసేస్తుంది. బ్లాస్టింగ్‌కు పంపేముందు ఆ నంబరును ఫొటో తీసుకుని, దాని మీద మందపాటి రబ్బరు టేపు రెండు పొరలు అంటించి, ఆ చోట తుప్పును చేత్తో, మెత్తటి వైరు బ్రష్షుతో తీయించండి.