కార్మికుని రహస్య వోటు

వోటు అనగానే మనకు శాసనసభయు, పార్లమెంటును స్మరణకు వచ్చును. కాని బొగ్గుగనులలో, రైల్వే వర్కుషాపులలో, ఉక్కు కర్మాగారములలో, ధాన్యపు గిడ్డంగులలో పనిచేయువారు మరియొక వోటును గూడ వేయుచుందురు. తమ తరఫున యాజమాన్యముతో కూర్చుండి జీతభత్యములను గూర్చి, సెలవులను గూర్చి, క్వార్టర్లను గూర్చి మాటలాడు అధికారము ఏ సంఘమునకు ఉండవలెనో నిర్ణయించు వోటు అది. ఆ వోటును ఎవరికిని తెలియకుండ వేయు వీలు మన దేశపు కార్మికునకు సులభముగా లభింపలేదు. దాని వెనుక దాదాపు అర్ధశతాబ్దపు వాదోపవాదముల చరిత్ర యున్నది.

శాసనసభకు వేయు వోటు రహస్యముగా నుండవలెనని అందరును ఒప్పుకొందురు. పనిచోట వేయు వోటునకు ఆ మరుగు మరింత అవసరము. ఏలయనగా, వోటు వేసిన మరునాటి ఉదయమే కార్మికుడు ముస్టరు వేయించుకొనుటకు పోవలెను. అతనికి ఏ షిఫ్టు ఇయ్యవలెనో, ఏ పని అప్పగింపవలెనో నిర్ణయించు అధికారి అక్కడనే యుండును. ఓడిన సంఘపు నాయకుడును, గెలిచిన సంఘపు నాయకుడును అదే గేటు వద్ద నిలిచియుందురు. గనిలో పైకప్పు విరిగిపడిన వేళ చేయి అందింపవలసిన తోటివాడు వేరొక సంఘమువాడై యుండవచ్చును. కనుక కార్మికుని వోటు యాజమాన్యమునకు తెలియకుండుట ఎంత ముఖ్యమో, తోటి కార్మికులకు తెలియకుండుటయు అంత ముఖ్యము.

ఈ భావము మనకు క్రొత్తది కాదు. బౌద్ధుల వినయపిటకమందలి చుల్లవగ్గమున, భిక్షుసంఘములో వివాదము తెగనప్పుడు శలాకలు పంచి అభిప్రాయము సేకరించు పద్ధతి వర్ణింపబడినది. అందు మూడు విధములు చెప్పబడినవి. ఒకటి బహిరంగముగా శలాకను గ్రహించుట. రెండవది చెవిలో చెప్పుట. మూడవది గూఢముగా గ్రహించుట. ఈ మూడవ విధమున పక్షమున కొక రంగు చొప్పున శలాకలు సిద్ధపరచి, భిక్షువు తన కిష్టమైనదానిని తీసికొనిన పిదప దానిని ఎవరికిని చూపవలదని శలాకలు పంచువాడు హెచ్చరించును. అయితే ధర్మవిరుద్ధమైన పక్షమునకు ఆధిక్యము వచ్చినదని తోచినచో ఆ వోటు చెల్లదని ప్రకటించు అధికారము గూడ అతనికే కలదు. లెక్కించువాడే తీర్పరి యైనచో రహస్యము సగమే ఫలించును. ఈ మాట మన కథలో మరల అక్కరకు వచ్చును.

ఆధునిక కాలమున రహస్య వోటును అమలుపరచుటలో ఆస్ట్రేలియా ఖండమందలి విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలసరాజ్యములు దారిచూపినవి. అచ్చటి శాసనములు 1856లో చేయబడినవి. ఇంగ్లండులో చార్టిస్టులని పేరొందిన శ్రామిక ప్రజోద్యమకారులు 1838లోనే తమ ఆరు కోరికలలో దీనిని ఒకటిగా చేర్చిరి. భూస్వామి చూచుచుండగా కౌలుదారుడును, మిల్లు యజమాని చూచుచుండగా పనివాడును బిగ్గరగా వోటు చెప్పవలసిన కాలమది. పార్లమెంటు 1872లో బాలట్ చట్టమును ఆమోదించెను. ఆ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన పాంటిఫ్రాక్టు పట్టణమున జరిగిన ఉపఎన్నిక ఆ చట్టము క్రింద మొదటిది. ఆ ఊరు అతిమధురముతో చేయు మిఠాయికి ప్రసిద్ధి. ఆనాటి వోటుపెట్టెకు లక్కతో సీలు వేయుటకు ఒక మిఠాయి కర్మాగారపు ముద్రనే వాడిరి. కర్మాగారపు ముద్ర పార్లమెంటు ఎన్నికకు పోయినది గాని, పార్లమెంటు ఎన్నికలోని రహస్యము కర్మాగారములోనికి వచ్చుటకు మరికొంత కాలము పట్టెను.

ఆ పనిని పెద్దయెత్తున ప్రారంభించినది అమెరికా. అచ్చట 1935లో వాగ్నర్ చట్టము వచ్చినది. ఏ సంఘము కార్మికుల ప్రతినిధి యను ప్రశ్న పుట్టినప్పుడు, ప్రభుత్వము నియమించిన కార్మిక సంబంధముల బోర్డు రహస్య వోటు జరిపించి తేల్చవచ్చునని ఆ చట్టము చెప్పెను. మొదట సభ్యత్వపు కార్డులను చూచి గూడ బోర్డు నిర్ణయించుచుండెడిది. 1947లో చట్టమును సవరించిన పిదప వోటు జరుపనిదే బోర్డు ధ్రువీకరింపరాదని స్థిరపడినది. కార్డా, వోటా యను ఈ ప్రశ్నయే మన దేశమున రశీదా, వోటా యను రూపమున తలయెత్తినది.

మన దేశమున 1926 నాటి ట్రేడ్ యూనియను చట్టము ప్రకారము మొదట ఏడుగురు కలిసినచో ఒక సంఘమును రిజిష్టరు చేయించుకొనుటకు వీలుండెడిది. ఆ సంఘముతో యాజమాన్యము మాటలాడి తీరవలెనని మాత్రము ఆ చట్టము చెప్పలేదు. రిజిష్టరు కాగితము చేత బట్టుకొని వచ్చిన నాయకుని యజమాని గుమ్మములోనికి రానీయకపోవచ్చును; లేదా పది సంఘములలో తనకు నచ్చిన దానినే పిలిచి కుర్చీ వేయవచ్చును. ఈ లోపమును దిద్దుటకు 1947లో ఒక సవరణ చట్టము చేయబడినది గాని, అది అమలులోనికి రానేలేదు.

పిదప 1958లో నైనీతాలున జరిగిన భారత కార్మిక మహాసభ ఒక మధ్యేమార్గమును చూపెను. యాజమాన్యములును కార్మిక సంఘములును స్వచ్ఛందముగా ఒప్పుకొనిన క్రమశిక్షణా నియమావళి అప్పుడే అమలులోనికి వచ్చెను. గుర్తింపు కోరు సంఘమునకు ఆ సంస్థలోని కార్మికులలో నూటికి కనీసము 15 మంది సభ్యులుగా ఉండవలెను. పెక్కు సంఘము లున్నచోట అందు పెద్దదానికే గుర్తింపు. ఒకసారి గుర్తింపు పొందినచో రెండేండ్లవరకు దానికి మార్పు లేదు. అయితే ఏది పెద్దదో తేల్చుట యెట్లు? గడచిన ఆరునెలలలో కనీసము మూడు నెలలైనను చందా చెల్లించినవానినే సభ్యునిగా ఎంచవలె ననిరి. ప్రభుత్వాధికారి వచ్చి సంఘముల సభ్యత్వ రిజిష్టర్లను, రశీదు పుస్తకములను, చిట్టాలను తనిఖీ చేయును. దీనికి సభ్యత్వ పరిశీలన యని పేరు.

ఈ పద్ధతికి మంచి పక్షము లేకపోలేదు. నెలనెల చందా కట్టువాడు సంఘపు బరువును మోయువాడు. ఎన్నికనాటి ఆవేశముతో వోటు వేసి మరచిపోవువానికంటె అతని మాటకు విలువ యుండవలె ననుట అన్యాయము కాదు. వోటు పద్ధతి వచ్చినచో రాజకీయ పక్షముల పోటీలు, నోటికి వచ్చిన వాగ్దానములు, తాగుడు, విందులు కర్మాగారములోనికి చొరబడునని పరిశీలనను కోరినవారు వాదించిరి. జాతీయ కాంగ్రెసు ననుసరించు ఐ.యన్.టి.యు.సి. ఈ పక్షమున నుండెను.

వోటును కోరిన ఏ.ఐ.టి.యు.సి., హింద్ మజ్దూర్ సభలు రిజిష్టరునే శంకించినవి. ఒకే కార్మికుని పేరు రెండు మూడు సంఘముల పుస్తకములలో కనిపించవచ్చును. నాయకుడే చందా చెల్లించి పేర్లు వ్రాసికొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన ఆక్షేపణ వేరొకటి కలదు. రిజిష్టరులో పేరు ఉన్నదనగా ఆ మనిషి ఎవరి పక్షమో లోకమునకు తెలిసినట్లే. అధికారులు మెచ్చని సంఘమును లోలోపల అభిమానించువాడు తన పేరు వ్రాయించుకొనుటకు జంకును. అట్టివాని అభిప్రాయము ఏ రశీదు పుస్తకమునను దొరకదు. అతడు ఒంటరిగా ముద్ర వేసిన కాగితమునందే దొరకును.

గజేంద్రగడ్కరు అధ్యక్షతన పనిచేసిన జాతీయ కార్మిక సంఘ విచారణ సమితి 1969లో నివేదిక సమర్పించుచు, సభ్యత్వ పరిశీలనయో రహస్య వోటో సందర్భము ననుసరించి నిర్ణయించు పనిని తాను సూచించిన పారిశ్రామిక సంబంధముల కమిషనునకే విడిచెను. ముడి విప్పబడలేదు.

ఆ ముడిని చాలవరకు విప్పినది 1995లో సుప్రీంకోర్టు. భారత ఆహార సంస్థలోని సంఘముల బలాబలములను గూర్చిన వ్యాజ్యములో ఉభయపక్షములును రహస్య వోటునకు అంగీకరింపగా, ఆ వోటును ఎట్లు జరుపవలెనో న్యాయస్థానము మెట్టుమెట్టుగా వ్రాసియిచ్చెను. ఎన్నిక జరుపు అధికారి యాజమాన్యపు ఉద్యోగి కాక కేంద్ర కార్మిక శాఖ అధికారి కావలెను. ఉద్యోగుల పట్టికయే వోటర్ల పట్టిక. దానిని అందరికిని కనబడునట్లు అంటించి, ఆక్షేపణలు స్వీకరింపవలెను. వోటు కాగితముపై సంఘముల పేర్లు, గుర్తులు ప్రాంతీయ భాషలో గూడ ముద్రింపవలెను. పనివారు నిత్యము పనిచేయు చోటునకు దగ్గరగా పోలింగు కేంద్రముల నేర్పరుపవలెను. వచ్చినవాడు గుర్తింపు కార్డు చూపవలెను. పట్టికలో అతని పేరు కొట్టివేయవలెను. పోలింగు అధికారి సంతకము చేసిన కాగితము తీసికొని, మరుగున రబ్బరు ముద్ర వేసి, దానిని పెట్టెలో వేయవలెను.

ఈ నియమములు చూచుటకు గుమాస్తా పనివలె తోచును. కాని వీనిలో ప్రతిదియు ఒక్కొక్క భయమునకు మందు. అధికారి బయటివాడు కావలె ననుటచే లెక్కించువాడు తీర్పరి కాజాలడు. గుర్తు ఉండుటచే చదువురాని గనికార్మికుడు ఇతరుల సాయము కోరనక్కరలేదు. కేంద్రము పనిచోటికి దగ్గరగా ఉండుటచే షిఫ్టు దిగినవాడు కూలి పోగొట్టుకొనక వోటు వేయగలడు.

ఆ తీర్పు వెలువడిన మూడేండ్లకు ఈ పద్ధతి మన గోదావరి తీరపు బొగ్గుగనులకు వచ్చెను. ఇల్లెందు ప్రాంతమున 1871లో డాక్టరు విలియం కింగు బొగ్గును కనుగొనినది మొదలు, సింగరేణి గనులు కొత్తగూడెము, మణుగూరు, రామగుండము, బెల్లంపల్లి, మందమర్రి, భూపాలపల్లి ప్రాంతములకు విస్తరించినవి. 1990వ దశకపు తొలి సంవత్సరములలో అచ్చట సంఘములు లెక్కకు మిక్కిలిగా నుండెను. ఒక గనిలో ఒక సంఘము, ప్రక్క గనిలో మరియొక సంఘము చీటికి మాటికి పని నిలిపివేయుచుండెడివి. ఎవరితో ఒప్పందము చేసికొనినను తక్కినవారు కాదనుచుండెడివారు. కంపెనీ నష్టములలో మునిగినది. అట్టి స్థితిలో 1998లో కేంద్ర కార్మిక శాఖ పర్యవేక్షణమున గుర్తింపు సంఘమునకు మొదటిసారి రహస్య వోటు జరిగెను.

ఈ పద్ధతిలో రెండు అంతస్తులున్నవి. కంపెనీ మొత్తముమీద అధిక వోట్లు పొందినది గుర్తింపు సంఘము. ఆయా ఏరియాలో అధిక వోట్లు పొందినది అచ్చటి ప్రాతినిధ్య సంఘము. పై సమస్యలను మొదటిది, స్థానిక సమస్యలను రెండవది యాజమాన్యముతో చర్చించును.

అటుపిమ్మట జరిగిన ఎన్నికల ఫలితములు గమనింపదగినవి. 1998, 2001 సంవత్సరములలో ఏ.ఐ.టి.యు.సి. గెలిచెను. 2003లో ఐ.యన్.టి.యు.సి. వచ్చెను. 2007లో మరల ఏ.ఐ.టి.యు.సి. గెలిచెను. తెలంగాణ ఉద్యమకాలమున, 2012లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘము గెలిచి 2017లో గూడ నిలిచెను. 2023 డిసెంబరు 27వ తేదీన జరిగిన ఏడవ ఎన్నికలో, 39 వేలకు పైబడిన వోటర్లలో నూటికి 94 మంది వోటు వేసిరి. ఏ.ఐ.టి.యు.సి. రెండువేలకు ఒకటి తక్కువైన ఆధిక్యముతో గుర్తింపు పొందెను. కాని పదకొండు ఏరియాలలో ఆరింట ఐ.యన్.టి.యు.సి.కే ప్రాతినిధ్యము లభించెను. ఒకనాడు రశీదు పుస్తకమే చాలునని వాదించిన సంఘమునకును, వోటే కావలెనని వాదించిన సంఘమునకును నేడు తగవు తీర్చునది ఒకే పెట్టె యగుట ఈ చరిత్రలోని విశేషము.

దేశమంతట విస్తరించిన రైల్వేలలో గూడ 2007లో మొదటిసారి ఈ విధముగనే రహస్య వోటు జరిగెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధముల స్మృతి, సంస్థలోని కార్మికులలో నూటికి 51 మంది మద్దతుగల సంఘమునే ఏకైక చర్చాసంఘముగా గుర్తింపవలెనని చెప్పుచున్నది. దీనితో 1926 నాటి చట్టము విడిచిన ఖాళీ పూరింపబడినది.

అయినను రహస్య వోటు సర్వరోగనివారిణి కాదు. పూర్వము పరిశీలనా పక్షమువారు భయపడిన వాగ్దానముల జాతర కొంతవరకు నిజమే అయినది. పెట్టె తెరచునప్పుడు గూడ జాగ్రత్త అవసరము. కొద్దిమంది మాత్రమే వోటు వేసిన చిన్న గని పెట్టెను విడిగా లెక్కించినచో, ఎవరు ఎటు వేసిరో ఊహించుట కష్టము కాదు. అట్టిచోట్ల కాగితములను కలిపి లెక్కించుటయే మేలు. అన్నిటికంటె పెద్ద లోటు పట్టికలో నున్నది. సింగరేణి ఎన్నికలలో వోటు కంపెనీ పట్టికకెక్కిన ఉద్యోగులదే. అదే గనిలో మట్టి తవ్వు, వాహనములు నడుపు, ఊడ్చి శుభ్రపరచు కాంట్రాక్టు కార్మికులకు ఆ పెట్టెలో చోటు లేదు. వారి జీతములను గూర్చి మాటలాడువారిని ఎన్నుకొను వీలు వారికి ఆ వోటు వలన కలుగదు.

రహస్య వోటు కార్మికునకు ధైర్యమును ఇయ్యదు. ధైర్యము లేకున్నను నిజము చెప్పు వీలును ఇచ్చును. పిల్లల చదువును, క్వార్టరును, రేపటి షిఫ్టును తలచుకొని సభలో చేయి ఎత్తలేనివాడు గూడ తెర వెనుక తన మనసులోని మాటను ముద్రగా వేయగలడు. అట్టివాని మాటకు ధైర్యవంతుని మాటతో సమానమైన విలువ నిచ్చుటయే ఈ పెట్టెలోని న్యాయము. ఏ పని స్థలమునందైనను ఆ న్యాయము ఎంతవరకు నిలిచినదో తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు చాలును. లెక్కించువాడు ఎవరు? పట్టికలో పేరు లేనివాడు ఎవడు?