మందు కొట్టేవాడికీ ఓ చదువుంది

మన తెలుగువాళ్ళకి ‘మందు’ అన్న మాట ఒక్కటుంటే చాలు, సంసారం గడిచిపోతుంది. జ్వరానికి వేసుకునేదీ మందే, దీపావళికి మతాబాలో కూరేదీ మందే. సాయంత్రంపూట చాటుగా సీసాలోంచి ఒంపుకునేదాని సంగతి సరేసరి. మామిడిపూత మీద తేనెమంచు పురుగుకి కొట్టేదీ, మంచం సందుల్లో నల్లులకి పోసేదీ కూడా మందే. ప్రాణం నిలిపేదాన్నీ, తీసేదాన్నీ ఒకే పేరుపెట్టి పిలిచే ధైర్యం మనది.

ఈ మందు గొడవ ఇప్పుడెందుకంటారా? మొన్న మా వీధి కుర్రాడొకడు కాగితాల కట్టతో మా అరుగెక్కాడు. నూజివీడులో కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివినవాడు. మా ఆగిరిపల్లి మామిడితోటల మధ్యకి ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. అవతల నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. పిల్లలొస్తే హాస్టళ్ళు రావాలి, హాస్టళ్ళొస్తే మెస్సులు రావాలి. ఆ వెనకే నల్లులూ బొద్దింకలూ ఎవరూ పిలవకుండానే వస్తాయి.

“బాబాయ్‌గారూ, హాస్టళ్ళకీ గోడౌన్లకీ మందుకొట్టే కంపెనీ పెడదామనుకుంటున్నానండీ. దానికి లైసెన్సట, పదిహేను రోజుల ట్రైనింగట! మా నాన్న నలభైయేళ్ళ నుంచి తోటలో కొడుతున్నాడు, ఆయన్నెవరన్నా అడిగారా?” అన్నాడు.

అడగరు. వాడి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నూరేళ్ళు వెనక్కి నడవాలి.

మనం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1919లో, పంటల తెగుళ్ళూ పురుగుల మీద ఒక చట్టం వచ్చింది. దేశంలో అలాంటివాటిలో అదే మొదటిది. ఫలానా పురుగుని ఫలానా విధంగా తొలగించాలని సర్కారు ప్రకటిస్తే రైతు తొలగించి తీరాలి. తొలగించకపోతే సర్కారు మనుషులే వచ్చి ఆ పని చేసి, ఖర్చు రైతు దగ్గర వసూలు చేస్తారు. అంటే దొరతనంవారికి అప్పట్లో పురుగంటేనే భయం. మందు గురించి బెంగ లేదు, ఎందుకంటే చెప్పుకోదగ్గ మందే లేదు. మా అమ్మమ్మ కందిపప్పుకి ఎర్రమట్టి పట్టించి, బియ్యం బస్తాలో వేపాకు వేసేది. ఆవిడ సస్యరక్షణ శాఖ అంతే.

తరవాత డి.డి.టి. వచ్చింది. పాల్ ముల్లర్ అనే స్విస్ దేశస్థుడు 1939లో దాని మహిమ కనిపెట్టాడు. 1948లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు, అదీ వైద్యంలో! చూశారా, వాళ్ళకీ అది మందే. మన దేశంలో 1953లో మలేరియా నివారణ కార్యక్రమం మొదలయ్యాక, పంపులు భుజాన వేసుకున్న మనుషులు ఇల్లిల్లూ తిరిగి గోడలన్నీ తడిపి, తలుపు పక్కన తేదీ రాసి పోయేవారు. మలేరియా తగ్గిన మాట నిజం. దాంతో జనానికి తెల్లపొడి ఏదైనా దేవుడి విభూతి అయిపోయింది. గమాక్సిన్ పొడి మా ఊరి కిరాణా కొట్లో ఉప్పు బస్తా పక్కనే ఉండేది. తూకానికి ఒకటే తక్కెడ.

1958 వేసవిలో కేరళలో గోధుమపిండి తిన్నవాళ్ళు వందమందికి పైగా చనిపోయారు. ఆ పిండి వచ్చిన ఓడలోనే ఫాలిడాల్ అనే పురుగుమందు డబ్బాలూ వచ్చాయి. డబ్బాలు కారాయి, పిండి బస్తాలు తడిశాయి. పురుగు ప్రసక్తే లేదు, మందే మనుషుల్ని చంపింది. కేంద్రప్రభుత్వం విచారణ వేసింది. కదిలీ కదిలీ పదేళ్ళకి, 1968లో, పురుగుమందుల చట్టం అయింది. దానికి నిబంధనలు 1971లో వచ్చాయి. 1919 నాటి చట్టం పురుగుని చూసి భయపడితే, ఇది మందుని చూసి భయపడింది.

ఆ మధ్యకాలంలోదే మా ఇంటి కథ. 1967లో మా అమ్మ ఖాళీ ఎండ్రిన్ డబ్బా ఒకటి సంపాదించింది. గట్టి డబ్బా, మూత బిగువు. చింతపండుతో తోమి, రెండురోజులు ఎండబెట్టి, వేరుశనగనూనె పోసింది. ఆ నూనెతో వేసిన గారెలు అందరం తిన్నాం. రాత్రికి మా చెల్లెలు మూర్ఛపోయింది. దానికప్పుడు నాలుగేళ్ళు. మా నాన్న ఎవరినో లేపి, జీపు దొరికించుకుని నూజివీడు తీసుకెళ్ళాడు. బతికింది లెండి, ఇప్పుడు మనవల్నెత్తుకుంది. తిరిగొచ్చిన రోజునే నాన్న ఆ డబ్బాని గునపంతో చితక్కొట్టి, ఊరవతల గొయ్యి తీసి పాతిపెట్టాడు. అమ్మ మాత్రం చాలాకాలం గారెలు వండలేదు.

కుర్రాడి కాగితాల్లో నలభైనాలుగో నిబంధన చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఖాళీ డబ్బాలు మళ్ళీ వాడకుండా పగలగొట్టి, జనావాసాలకి దూరంగా పూడ్చాలిట. మా నాన్నకి ఎవరు చెప్పారో!

లేబుళ్ళ సంగతీ అందులోనే ఉంది. డబ్బా మీద డైమండు గుర్తులో ఎరుపుంటే అతి ప్రమాదం, తరవాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్రదానికి పుర్రె గుర్తు కూడా. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన పచ్చడిలో కలుపుకోవచ్చని కాదు.

ఇంతకీ వాడి ప్రశ్న. సొంత పొలంలోనో, సొంత ఇంట్లోనో వాడుకునేవాణ్ణి చట్టం వదిలేసింది. కోట్లమంది రైతుల వెంట పడలేక కాబోలు. డబ్బు పుచ్చుకుని పరాయి ఇంట్లో కొట్టేవాణ్ణి మాత్రం పట్టుకుంది. గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలున్నాయి, గాలిలో తేమ తగిలితే చాలు విషవాయువు వదులుతాయి. అలాంటివాటితో వ్యాపారం చేయాలంటే వ్యవసాయంలో గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్సులో గానీ డిగ్రీ ఉండాలన్నారు. పైగా మైసూరులోనో, హాపూరులోనో, మన హైదరాబాదులోనో కనీసం పదిహేను రోజుల శిక్షణ. హైదరాబాదుదంటే రాజేంద్రనగర్‌లో 1966లో పెట్టిన సస్యరక్షణ శిక్షణ సంస్థే. ఇదంతా చెప్పి, “మీ నాన్న మందు కొడితే మీ తోట. నువ్వు కొట్టే గదిలో ఇంకొకళ్ళ పిల్లలు పడుకుంటార్రా,” అన్నాను. వాడు తల గోక్కుని, కాగితాలు సర్దుకుని వెళ్ళాడు.

శిక్షణ అయింది, లైసెన్సూ వచ్చింది. మొదటి హాస్టల్లో పని పూర్తయ్యాక వార్డెనుగారు ఖాళీ నీళ్ళసీసా ఒకటి చేతికిచ్చి, “మిగిలింది ఇందులో పోసి పో నాయనా, మధ్యలో కావాలంటే మేమే కొట్టుకుంటాం,” అన్నారట. వీడు పోయలేదు. ఎంత బతిమాలినా పోయలేదట. మరుసటి నెలనుంచి ఆ హాస్టలు పని ఇంకొకడికి వెళ్ళింది.

ఆ ఇంకొకడు పోసిచ్చాడో లేదో వీడికి తెలీదు. “కనుక్కోరా,” అని మాత్రం చెప్పాను.