ఇంటి మీదికి అప్పు వస్తే: గుంటూరు, ప్రకాశం పల్లెలు తెలుసుకోవాల్సిన చట్టం

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. బాకీ ఉన్నంత మాత్రాన ఏ బ్యాంకూ, ఏ వడ్డీ వ్యాపారీ మనుషుల్ని బలవంతంగా ఇంట్లోంచి గెంటేయడానికి వీల్లేదు. ఇల్లు పోవాలంటే దానికి చట్టంలో కొన్ని మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టుకూ ఒక కాగితం, ఒక గడువు ఉంటాయి. ఈ సంగతి తెలియక గడువు ఉండగానే భయపడి ఇల్లు ఖాళీ చేసే కుటుంబాలు మన పల్లెల్లో ఉన్నాయి. ఇక నోటీసును చూరులో దోపి గడువు దాటబెట్టుకునేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ల పక్కన నిలబడే కార్యకర్తల కోసం, విద్యార్థుల కోసం మేం ఈ వివరాలను ఒకచోట చేర్చాం.

ఇల్లే ఎందుకు తాకట్టుకు పోతుంది

పత్తి, మిరప పెట్టుబడి పంటలు. విత్తనం, పురుగుమందు, కోత కూలి అన్నీ ముందే పెట్టాలి. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ రెండు జిల్లాల్లో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2021-22లో తామర పురుగు మిరప తోటల్ని పీల్చేసింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఇలాంటి ఏడాది సొంత పొలం ఉన్న రైతు పొలం చూపించి అప్పు తిరగరాయించుకుంటాడు. కౌలుకు చేసే దళిత రైతుకు ఆ వీలు లేదు. పాసుపుస్తకం భూస్వామి పేరున ఉంటుంది, నష్టం కౌలుదారు నెత్తిన పడుతుంది. హామీగా చూపడానికి అతనికి మిగిలేది ఇల్లొక్కటే.

ముందు తేల్చుకోవాల్సిన రెండు ప్రశ్నలు

నోటీసు వచ్చిందని ఎవరైనా చెబితే ముందు రెండు విషయాలు అడగాలి. అప్పిచ్చింది ఎవరు: బ్యాంకా, ఫైనాన్స్ కంపెనీయా, మైక్రోఫైనాన్స్ సంస్థా, ఊళ్లో వడ్డీకిచ్చే మనిషా? ఇంటికున్న కాగితం ఏది: రిజిస్టరు దస్తావేజా, ప్రభుత్వమిచ్చిన పట్టానా, ఏ కాగితమూ లేని గ్రామకంఠం స్థలమా? ఏ చట్టం వర్తిస్తుందో ఈ రెండు జవాబులే చెబుతాయి.

బ్యాంకు నోటీసు వస్తే

తనఖా పెట్టిన ఇంటిని కోర్టుకు వెళ్లకుండానే స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు 2002 నాటి సర్ఫేసీ చట్టం ఇచ్చింది. కిస్తీ 90 రోజులకు మించి బకాయి పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆ తర్వాత జరిగేది ఇదీ.

మొదట 13(2) నోటీసు వస్తుంది. బాకీ ఎంతో, ఏ ఆస్తి మీద చర్య తీసుకోబోతున్నారో అందులో రాయాలి. కట్టడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఈ 60 రోజులే అన్నిటికంటే విలువైనవి. వడ్డీ లెక్క తప్పైనా, కట్టిన సొమ్ము జమ చేయకపోయినా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. అభ్యంతరాన్ని రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. నోటిమాటగా మేనేజరుకు చెప్పుకున్నది రికార్డులోకి ఎక్కదు. పాత బకాయిలన్నీ, అంటే ఆగిపోయిన అసలు కిస్తీలూ వడ్డీ పూర్తిగా కట్టగలిగితే ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. అది కుదరకపోతే ఏకకాల పరిష్కారం కోరుతూ ఎంత కట్టగలరో, ఎప్పటికి కట్టగలరో రాసివ్వాలి.

60 రోజులు దాటాక స్వాధీన నోటీసు వస్తుంది. దాన్ని ఇంటికి అంటించి, రెండు పత్రికల్లో ప్రకటించాలి. వాటిలో ఒకటి స్థానిక భాషా పత్రిక కావాలి. తలుపుకు కాగితం అంటించినంత మాత్రాన ఇల్లు పోయినట్టు కాదు. ఇంట్లోవాళ్లు ఖాళీ చేయకపోతే బ్యాంకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు దగ్గరికో, చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు దగ్గరికో వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. మనుషుల్ని పంపి దౌర్జన్యం చేయించే పద్ధతిని సుప్రీంకోర్టు 2007లోనే ఒక బ్యాంకు కేసులో తీవ్రంగా తప్పుబట్టింది.

స్వాధీన చర్య జరిగిన 45 రోజుల్లోపు సెక్షన్ 17 కింద రుణ వసూలు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. సెక్షన్ 34 ప్రకారం ఈ వ్యవహారం సివిల్ కోర్టు పరిధిలోకి రాదు. స్టే కోసం ఊరి దగ్గరి మున్సిఫ్ కోర్టుకు వెళ్లి నెల పోగొట్టుకుంటే అసలు గడువు కరిగిపోతుంది. మన రాష్ట్రంలో ఈ ట్రిబ్యునల్ విశాఖపట్నంలో ఉంది. గుంటూరు నుంచి మూడు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం, ఒంగోలు నుంచి ఇంకా ఎక్కువ. కూలికి పోయే కుటుంబానికి ఈ దూరం కూడా ఒక శిక్షే. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఏర్పాటు ఉంది కాబట్టి న్యాయ సహాయం ద్వారా వెళ్లడం మేలు.

చివరి మెట్టు వేలం. ఆమోదిత మదింపుదారుతో విలువ కట్టించి, కనీస ధర నిర్ణయించి, 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు వేలం ప్రకటన వెలువడే దాకానే ఉంటుంది. ఆ ప్రకటన తర్వాత విడిపించుకునే హక్కు ఉండదని సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. వేలం రోజున డబ్బు పట్టుకెళ్లొచ్చు అనుకుంటే మోసపోతాం. వేలంలో బాకీకి మించి వస్తే మిగతా సొమ్ము మనది. తక్కువ వస్తే ఆ తేడా కోసం బ్యాంకు మళ్లీ రావచ్చు. ఇల్లు పోతే అప్పూ పోయినట్టే అన్న మాట నిజం కాదు.

ఈ చట్టం అన్ని అప్పులకూ వర్తించదు. లక్ష రూపాయలు మించని రుణానికి పెట్టిన హామీ మీద, వ్యవసాయ భూమి మీద, బాకీ అసలు వడ్డీల మొత్తంలో 20 శాతం కన్నా తక్కువ మిగిలినప్పుడు దీన్ని వాడకూడదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ కాని మామూలు ఫైనాన్స్ కంపెనీ అయితే 20 లక్షలు, ఆపైన ఉన్న రుణాలకే దీన్ని వాడగలదు. నోటీసు రాగానే ఈ లెక్కలు చూడాలి.

ప్రోనోటు అప్పు, కోర్టు జప్తు

వడ్డీ వ్యాపారికి సర్ఫేసీ అధికారం లేదు. అతను సివిల్ కోర్టులో దావా వేయాలి, డిక్రీ తెచ్చుకోవాలి, అమలు పిటిషన్ వేయాలి. ప్రోనోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఈలోపు కొంత సొమ్ము కట్టి నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడినుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. కాబట్టి చదవకుండా చెల్లు సంతకం పెట్టకూడదు, ఖాళీ నోటు మీద అసలే పెట్టకూడదు.

మన పల్లెలకు అన్నిటికన్నా ఉపయోగపడే రక్షణ సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో ఉంది. రైతు, కూలీ, ఇంటి పనివారు తాము సొంతంగా కలిగి ఉండి, అందులో నివసిస్తున్న ఇంటిని డిక్రీ అమలులో జప్తు చేయకూడదు. ఇంటి స్థలానికీ, ఆనుకుని ఉన్న అవసరమైన జాగాకూ ఈ రక్షణ ఉంది. వంట పాత్రలు, పక్కబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు కూడా జప్తుకు రావు. అయితే ఈ రక్షణ దానంతటది పనిచేయదు. కోర్టులో హాజరై, తాము వ్యవసాయ కూలీలమని చెప్పి రుజువు చూపాలి. ఉపాధి హామీ జాబ్ కార్డు అక్కడ పనికొస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ ఇంటినే అప్పుకు తనఖా రాసిచ్చి ఉంటే ఈ రక్షణ దొరకదు. అందుకే చేబదులుకు ఇంటి కాగితం ఇవ్వొద్దని పదేపదే చెప్పాలి.

మిరప కోతలకు వలస వెళ్లినప్పుడు సమన్లు వచ్చి, తాళం వేసిన తలుపుకు అంటించి, కుటుంబానికి తెలియకుండానే డిక్రీ అయిపోవచ్చు. సమన్లు సరిగా అందలేదని చూపగలిగితే, సంగతి తెలిసిన 30 రోజుల్లో ఆ ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని అడగవచ్చు. కోర్టు వేలం జరిగిపోయినా 60 రోజుల్లోపు వేలం ప్రకటనలోని బాకీ సొమ్ము, కొనుగోలుదారుకు వేలం ధరలో ఐదు శాతం జమ చేసి వేలం రద్దు చేయించుకోవచ్చు.

ఇక మన వైపు అందరూ చెప్పే ‘ఐపీ పెట్టడం’. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసే దివాలా పిటిషన్ ఇది. వ్యాపారులు ఐపీ పెడితే సరుకు అరువిచ్చిన రైతులు మునిగిన కథలే మనకు ఎక్కువ తెలుసు. ఈ దారి కూలీకీ, కౌలు రైతుకూ కూడా ఉంది. జప్తుకు రాని ఇల్లు ఐపీలోనూ పోదు. కానీ తనఖా పెట్టుకున్న బ్యాంకును ఐపీ ఆపదు.

అప్పుకు అమ్మకం రాసిచ్చినప్పుడు

అప్పిచ్చేవాడు తనఖా బదులు అమ్మకం దస్తావేజు రాయించుకుని, తీర్చాక తిరిగి రాసిస్తానని నోటిమాట చెప్పడం పాత ఎత్తు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో ఉంటే ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 58 కింద అది షరతుతో కూడిన తనఖా కావచ్చు. తనఖా అయితే విడిపించుకునే హక్కుకు 30 ఏళ్ల కాలపరిమితి ఉంది. షరతు ఆ దస్తావేజులో లేకపోతే అది నామమాత్రపు అమ్మకమని రుజువు చేయడం కష్టం, అసాధ్యం మాత్రం కాదు. ఇంట్లో మనమే ఉంటున్నామని చూపే ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, వడ్డీ కట్టిన ఆధారాలు, ధరకూ మార్కెట్ విలువకూ ఉన్న తేడా అన్నీ సాక్ష్యాలే.

పట్టా ఇల్లు

నిరుపేదలకు ప్రభుత్వం అసైన్ చేసిన భూమికీ ఇళ్ల స్థలానికీ 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వర్తిస్తుంది. నిషేధం ఉన్న పట్టాను ప్రైవేటు మనిషికి తాకట్టు పెట్టినా, అమ్మినా అది చెల్లదు. కోర్టు డిక్రీ అమలులో జరిగిన బదిలీకీ ఇదే వర్తిస్తుంది. బ్యాంకులకు, సహకార సంఘాలకు పెట్టిన తనఖాకు మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. ఇటీవలి సవరణలు కొన్నేళ్లు గడిచిన పట్టాలను అమ్ముకునే వీలిచ్చాయి కాబట్టి పట్టా తేదీని తహసీల్దారు కార్యాలయంలో సరిచూసుకోవాలి. 2021లో గృహనిర్మాణ సంస్థ పాత రుణాలను ఏకకాల పరిష్కారంతో తీర్చి కాలనీ ఇళ్లకు రిజిస్టరు హక్కు ఇచ్చారు. హక్కు మంచిదే. ఆ కాగితంతోపాటే ఇంటిని పోగొట్టుకునే వీలు కూడా వచ్చిందని గుర్తుంచుకోవాలి.

మైక్రోఫైనాన్స్, పొదుపు సంఘాలు

రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల ప్రకారం ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికిచ్చే మైక్రోఫైనాన్స్ రుణానికి ఏ తాకట్టూ ఉండకూడదు. పొదుపు సంఘాలకు బ్యాంకులిచ్చే రుణాలకూ పది లక్షల వరకు తాకట్టు అడగకూడదు. కాబట్టి ఈ అప్పుల కోసం ఇల్లు స్వాధీనం చేసుకుంటామనడం ఉత్త బెదిరింపు. మైక్రోఫైనాన్స్ వసూలు సిబ్బంది ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు, దుర్భాషలాడకూడదు, బంధువుల్ని వేధించకూడదు.

తాళం వేస్తే, గెంటేస్తే

కోర్టు ఉత్తర్వు లేకుండా వడ్డీ వ్యాపారి దళితుల ఇంటికి తాళం వేస్తే అది అప్పు తగాదాగా మిగలదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(జి) ప్రకారం భూమి నుంచో ఇంటి నుంచో అక్రమంగా వెళ్లగొట్టడం నేరం. ఇల్లూ ఊరూ విడిచిపోయేలా చేయడం 3(1)(జెడ్) కింద నేరం. భయపెట్టి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదని చట్టమే చెబుతోంది. సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అయితే ఈ చట్టం బాకీని రద్దు చేయదు, సక్రమ ఉత్తర్వుతో వచ్చిన బ్యాంకును ఆపదు. ఈ తేడా చెప్పకుండా ఆశపెడితే ఆ కుటుంబానికి మనమే అన్యాయం చేసినవాళ్లమవుతాం.

1985లో కారంచేడు దళితులు చీరాలకు, 1991లో చుండూరు దళితులు తెనాలికి ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ చరిత్ర ఉన్న నేల మీద ఇంటి మీద హక్కు అంటే ఊళ్లో నిలబడే హక్కు. అప్పు పేరుతో జరిగే వెళ్లగొట్టడాన్ని కూడా ఆ కళ్లతోనే చూడాలి.

ఇంటిపెద్ద చనిపోతే

వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే అప్పుకు బాధ్యులు. భార్య సొంత సంపాదన మీద, ఆమె పేరున ఉన్న స్థలం మీద భర్త అప్పు పడదు, ఆమె సంతకం చేసి ఉంటే తప్ప. దినకర్మలు కాకముందే కొత్త నోటు మీద సంతకం పెట్టమని వచ్చేవాళ్లుంటారు. పెట్టవద్దు. బ్యాంకు రుణమైతే దానికి బీమా ఉందేమో అడగాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి

1987 నాటి న్యాయ సేవల చట్టం సెక్షన్ 12 ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ట్రిబ్యునల్ కేసులకూ ఇది వర్తిస్తుంది. గుంటూరు, ఒంగోలు జిల్లా కోర్టుల్లోని న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయాలి. ఫోన్ నంబరు 15100.

వెళ్లేటప్పుడు నోటీసు, దాని కవరు, రుణ పత్రం, బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంటి పన్ను రసీదు, పట్టా లేదా దస్తావేజు నకలు, కుల ధ్రువీకరణ, జాబ్ కార్డు తీసుకెళ్లాలి. కవరు ఎందుకంటే అది ఏ రోజు అందిందో దాని మీది ముద్ర చెబుతుంది. అప్పు తీరితే కాగితాలు వెనక్కి తీసుకోవడం మరవకూడదు. పూర్తిగా కట్టిన 30 రోజుల్లో బ్యాంకు ఇంటి పత్రాలు తిరిగివ్వాలి. తన తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ప్రతి పల్లెలో నోటీసు చదవగలిగిన ఒక్కరైనా ఉండాలి. నోటీసు అందిన రోజునే తేదీ రాసిపెట్టి, 15, 30, 45, 60 రోజుల గడువుల్లో ఆ కాగితానికి ఏది వర్తిస్తుందో చూసి క్యాలెండరు మీద గుర్తు పెట్టడం విద్యార్థి చేయగలిగిన పని. లాయరు పని ఆ తర్వాతే మొదలవుతుంది.