చెట్టెక్కిన పులి పెంకుపురుగులు

పులి పెంకుపురుగుల్లో ఎక్కువ జాతులు నేల మీదే వేటాడతాయి. ఉష్ణమండల అడవుల్లో కొన్ని మాత్రం చెట్ల మీదే బతుకుతాయి: ఆగ్నేయాసియాలో ట్రైకాండైలా, నియోకాలిరిస్, మడగాస్కర్‌లో పోగొనోస్టోమా, దక్షిణ అమెరికాలో టెనోస్టోమా. వీటిలో కొన్నిటి రూపం 18వ శతాబ్దం చివరికే యూరప్‌కు తెలిసింది. బతుకు తెలియడానికి మరో వందేళ్లకు పైగా పట్టింది.

1790లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒలివియే రెక్కల్లేని ఒక జాతిని వర్ణించాడు. 1822లో ట్రైకాండైలా అనే ప్రజాతి ఏర్పడ్డాక అది అందులో చేరింది. ప్రాణంతో ఉన్న పురుగు ఎలా మసలుతుందో కళ్లకు కట్టినట్టు రాసింది ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. 1857 జనవరిలో కేయ్ దీవుల్లో ఆయన చూసిన ట్రైకాండైలా అంగుళానికి పైగా పొడవున్న, ఊదా కలిసిన నలుపు రంగు చీమలా ఉంది. మనిషి దగ్గరికొస్తే మాను చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పాకేది. చటుక్కున పరుగెత్తి పట్టుకుంటే తప్ప చేతికి చిక్కేది కాదు. ఆకుల మీద కాపు కాసే థెరాటెస్ అనే మరో పులి పెంకుపురుగు నుంచి గులాబీ అత్తరు వాసన వచ్చిందనీ ఆయనే రాశాడు.

ట్రైకాండైలాను అనుకరించే పురుగులూ ఉన్నాయి: ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక కీచురాయి జాతి పురుగు అచ్చం ట్రైకాండైలాలాగే ఉంటుంది. అనుభవజ్ఞుడైన కీటక శాస్త్రజ్ఞుడు వెస్ట్‌వుడ్ కూడా దాన్ని చాలాకాలం పులి పెంకుపురుగుల అరలోనే ఉంచాడు. 1867లో వాలెస్ అనుకరణపై రాసిన వ్యాసంలో దీన్ని ఉదాహరణగా చూపాడు.

పిల్లపురుగుల సంగతి బయటపెట్టింది మాత్రం అడవి కాదు, జావా కాఫీ తోటలు. నేల మీది జాతుల పిల్లలు మట్టిలో బొరియ చేసుకుంటే, అప్పట్లో కాలిరిస్ అని పిలిచిన చెట్టు జాతుల పిల్లలు కాఫీ కొమ్మల్లో దొరికాయి. ఆడపురుగు లేత కొమ్మకు బెజ్జం చేసి అందులో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలి బెండును తొలిచి, తలతో ద్వారం మూసి, దారినపోయే చీమల వంటి వాటిని లాగేసుకుంటుంది. వీపు మీది కొక్కేలు దాన్ని బొరియలో గట్టిగా నిలుపుతాయి. 1907లో కీటక శాస్త్రజ్ఞుడు షెల్ఫర్డ్ ఈ పిల్లపురుగును వర్ణించాడు. 1910లో డాక్టర్స్ వాన్ లేవెన్ కొమ్మలు తొలిచే ఈ జాతుల జీవితాన్ని వివరంగా ప్రచురించాడు.  తోటకు మాత్రం కాలిరిస్ రెండు రకాలుగా కనబడే పురుగు: కొమ్మను బలహీనపరుస్తుంది, కీటకాలనూ తింటుంది.

ఇక వర్గీకరణకొస్తే, భారతదేశపు పులి పెంకుపురుగు జాతులను 1912లో కీటక శాస్త్రజ్ఞుడు ఫౌలర్ ఒక సంపుటంలో క్రోడీకరించాడు. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ ఉండే డెరోక్రేనియా అనే ప్రజాతిని, ట్రైకాండైలాతో కలిపి, ఫ్రాన్స్‌కు చెందిన నావియో 2002లో సమగ్రంగా పరిశీలించాడు. నియోకాలిరిస్ మీద ఆయన గ్రంథం 1994లోనే వచ్చింది.