మూడు నిమిషాల పద్యం

మా నల్లజర్ల చుట్టుపక్కల, అటు అనంతపల్లి మొదలు ఇటు దూబచర్ల దాకా, పాత నాటకాల సంగతి ఎత్తితే చాలు, పెద్దవాళ్ళు పద్యం అందుకుంటారు. రాయబారం సీనులో కృష్ణుడి పద్యాలు, కాటిసీనులో హరిశ్చంద్రుడి పద్యాలు వరసగా వచ్చేస్తాయి. ఆ పద్యానికీ ఈ పద్యానికీ మధ్య కృష్ణుడు ఏం మాట్లాడాడండీ అని అడగండి, నవ్వి ఊరుకుంటారు. వచనం ఎవరికీ గుర్తులేదు.

తిరుపతి వెంకట కవుల పద్యంలో బిగువు అలాంటిది, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి పద్యంలో ఆర్ద్రత అలాంటిది అని పండితులు చెబుతారు. కాదనను. కానీ మైకుసెట్టు ఇంట్లో పుట్టి, ఆ సెట్టు మీదే బతికినవాణ్ణి, నా లెక్క ఇంకొకటుంది. పద్యం నిలబడి వచనం కొట్టుకుపోవడంలో రికార్డు కంపెనీలకూ, మాలాంటి మైకుసెట్లవాళ్ళకూ గట్టి వాటానే ఉంది.

గ్రామఫోను కంపెనీ మనిషి ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ చేత రికార్డుకి పాడించాడు. అప్పటికి మైకు లేదు. పాడేవాళ్ళు రేకు బాకా మూతిలోకి మొహం పెట్టి గట్టిగా పాడితే, ఆ ఊపుకి అవతల సూది కదిలి మైనపు బిళ్ళ మీద గాడి పడేది. ఆ మైనాలు ఓడెక్కి జర్మనీలోని హానోవర్ వెళ్తే, అక్కడ రికార్డులు అచ్చయి తిరిగి వచ్చేవి. 1908లో కలకత్తా సియాల్దాలో ఫ్యాక్టరీ పెట్టాక ఆ ప్రయాణం తప్పింది. 1925 ప్రాంతంలో కరెంటు మైకుతో రికార్డింగు మొదలయ్యింది. గుసగుస కూడా పట్టగలిగింది గానీ నిడివి మాత్రం పెరగలేదు. పది అంగుళాల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగితే ఒక వైపు వచ్చేది మూడు నిమిషాల పైచిల్లర. అంతే.

ఇప్పుడు మన నాటకం సంగతి చూడండి. రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లారి కోడి కూసేదాకా ఆడేది. పేరున్న నటుడు ఒక్క పద్యానికే పది నిమిషాలు రాగం తీసేవాడు, జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ మొదలు. అలాంటి మనిషిని మద్రాసులో మూసేసిన గదిలో నిలబెట్టి, మూడు నిమిషాల్లో అయిపోవాలయ్యా అంటే ఏం చేస్తాడు? రాగం తెగ్గోస్తాడు. వచనం పూర్తిగా వదిలేస్తాడు. మధ్యలో గొంతు జీరబోయినా మైనం మీద దిద్దుబాటు లేదు, కొత్త బిళ్ళ పెట్టి మొదటినుంచీ పాడాల్సిందే. కపిలవాయి రామనాథశాస్త్రి, మాధవపెద్ది వెంకట్రామయ్య, డి.వి. సుబ్బారావు లాంటి మహానటుల పద్యాలు ఊరూరా తిరిగింది ఈ రికార్డుల మీదే. మన ఏలూరులోనే వకీలుగా ఉంటూ ప్రభాత్ థియేటర్ నడిపిన బందా కనకలింగేశ్వరరావు గారిని స్టేజీ మీద చూసినవాళ్ళు వేలల్లో ఉండొచ్చు. ఏ పెద్ద నటుడి విషయంలోనైనా, రికార్డులో విన్నవాళ్ళ లెక్క దానికి ఎన్నో రెట్లు. విన్నదే నేర్చుకుంటారు. నేర్చుకున్నదే తర్వాతి తరానికి చేరుతుంది.

ఆ వ్యాపారంలోనూ పెద్దవాళ్ళే దిగారు. ఏ.వి. మెయ్యప్పన్ సినిమా స్టూడియో కట్టకముందు, 1932లో, మద్రాసులో సరస్వతీ స్టోర్స్ పెట్టి జర్మనీ వాళ్ళ ఓడియన్ సాంకేతిక సాయంతో గ్రామఫోను రికార్డులు తీశారు. తర్వాత నటుడిగా పేరు తెచ్చుకున్న పేకేటి శివరాం హెచ్.ఎం.వి.లో పనిచేస్తూ ఘంటసాల గారి చేత ప్రైవేటు రికార్డులు పాడించారు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు మా మెట్ట ఊళ్ళ దాకా వచ్చింది గ్రామఫోను రికార్డుల మీదే.

రికార్డు ఒక ఇంట్లో మోగితే ఆ ఇల్లే వింటుంది. ఊరు వినాలంటే మైకుసెట్టు కావాలి. 1931 కరాచీ కాంగ్రెస్ మహాసభలో చికాగో రేడియో వాళ్ళ లౌడ్‌స్పీకర్లు మోగాయి. పేరు అమెరికాది గానీ కంపెనీ సింధు దేశపు మోత్వానీ కుటుంబానిది. 1940లో ఢిల్లీలో ఆహూజా కంపెనీ మొదలైంది. ఆ తర్వాత పెళ్ళి పందిరిలో, శ్రీరామనవమి పందిరిలో, ఎన్నికల జీపు మీద ఆహూజా పేరు లేని చోటు మా ప్రాంతంలో నేను చూడలేదు.

డెబ్బైల మొదట్లో నల్లజర్ల సెంటర్లో కొట్టు తెరిచినప్పుడు మా నాన్నగారి దగ్గరున్నది ఒక యాంప్లిఫయరు, రెండు బాకాలు, రెండు మైకులు, ఒక రికార్డు ప్లేయరు, కరెంటు లేని ఊళ్ళకి పన్నెండు వోల్టుల బ్యాటరీ. బాకాల్ని కొబ్బరిచెట్టుకి ఎత్తు మీద కట్టి, ఒకటి ఊరి వైపు, ఒకటి పొలాల వైపు తిప్పేవారు. ఆ బాకా గుణం ఒకటి చెప్పాలి. రెండు మూడు వందల హెర్ట్జ్ కింద దానికి మాట రాదు. తబలాలో ఎడమచేతి గుమికి అక్కడే సమాధి. హార్మోనియం, మగవాడు పైస్థాయిలో ఎత్తుకున్న పద్యం మాత్రం బాకాకి సరిగ్గా సరిపోయే మేర. రాత్రిపూట గాలి అనుకూలిస్తే మైలు దూరానికి మాట మాట వినబడేది. పద్యమూ బాకా ఒకదానికోసం ఒకటి పుట్టాయా అనిపించేది.

నాటకానికి రెండు మైకులు స్టేజీ పైన ముందు భాగంలో వేలాడదీసేవారు. పద్యం రాగానే నటుడు మైకు కిందకి వచ్చేవాడు. వచనం చెప్పేటప్పుడు అటూ ఇటూ తిరిగేవాడు, మాట సగం గాల్లో కలిసేది. ఆ సగాన్ని పట్టాలని సౌండు పెంచితే సెట్టు కూత పెట్టేది. అందుకని వచనం ముందువరస జనానికి, పద్యం ఊరంతటికీ అని ఎవరూ రాయని ఒప్పందం ఒకటి నడిచిపోయింది.

తర్వాత స్పూలు టేపు రికార్డరు వచ్చింది. ఏడంగుళాల స్పూలు మీద 1,200 అడుగుల టేపు. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో తిప్పితే ఒక వైపు అరగంట దాటి రెండు నిమిషాలు. వేగం సగానికి తగ్గిస్తే గంట వస్తుంది గానీ గొంతు మసకబారుతుంది. నాటకమేమో ఏడెనిమిది గంటలు. టేపు ఖరీదు తలుచుకుంటే నాన్నగారికి చెయ్యి ఆడేది కాదు. చెవి మాత్రం హార్మోనియం మీద ఉంచేవారు. హార్మోనిస్టు శ్రుతి పట్టగానే టేపు ఆపే మీట వదిలేవారు, చప్పట్లు సద్దుమణగగానే మళ్ళీ బిగించేవారు. "వచనానికి టేపు తగలేస్తామా ఏంట్రా" అనేవారు. మా ఇంట్లో మిగిలిన టేపులన్నీ ఒకటే తీరు: హార్మోనియం కూత, పద్యం, ఈలలు, టక్కుమని ఇంకో హార్మోనియం కూత. కలకత్తా కంపెనీ మైనం మీద చేసిన పనే మా నాన్నగారు నల్లజర్లలో టేపు మీద చేశారు. కారణమూ ఒకటే, జాగా చాలకపోవడం.

ఆ టేపుల్లోనూ చాలా వాటి మీద మళ్ళీ ఇంకో నాటకం ఎక్కించేవారు. ఈ పాపం మైకుసెట్ల వాళ్ళదే అనుకోకండి. లండన్‌లో బి.బి.సి. వాళ్ళు 1960ల నాటి డాక్టర్ హూ టీవీ సీరియల్ ఎపిసోడ్లు కూడా టేపు ఖర్చు చూసుకుని తుడిచేశారు, వాటిలో చాలా ఇప్పటికీ దొరకలేదు.

సినిమా వాళ్ళ దారి వేరు. ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు హిందీ, తమిళం, తెలుగు మొదటి టాకీలు మూడింట్లోనూ వేషాలు వేసి, చివరికి మద్రాసులో ప్రసాద్ స్టూడియోస్ కట్టారు.  సినిమా స్టూడియోల్లో మైకు నోటి దగ్గరే ఉంటుంది, గొంతు చించుకోనక్కర్లేదు. ఘంటసాల గారు రాగం తగ్గించి, మాట విడమరిచి పాడే పద్యం అక్కడ రూపుదిద్దుకుంది. మా సెట్టు మీద అన్నిటికంటే అరిగిపోయిన రికార్డు ఆయన భగవద్గీతే. 1974లో, ఆయన పోయాక, విడుదలైంది. గుడికీ అదే వేసేవాళ్ళం, చావు ఇంటికీ అదే.

ఎనభైల్లో క్యాసెట్లు వచ్చాక నాటకం రికార్డు చేసుకోని ఊరు లేదు. తొంభై నిమిషాల క్యాసెట్టు చవకే, అయినా అలవాటు పోలేదు, పద్యాలే ఎక్కించుకున్నారు. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు వద్దన్నాయి. ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా, పండగలకీ ఉత్సవాలకీ అర్ధరాత్రి దాకా సడలింపు ప్రభుత్వం ఇవ్వొచ్చు. డీజే పెట్టెల మోతకి ఇంటి రేకులు అదిరిపోయే రోజుల్లో ఇది సరైన రూలే అంటాను, నా వృత్తికి దెబ్బే అయినా. కానీ పదింటికి తెర ఎత్తే నాటకానికి అదే సమయానికి గొంతు మూతపడింది.

అందుకని ఇళ్ళల్లో మిగిలిన పాత రికార్డులు, క్యాసెట్లే ఇప్పుడు ముఖ్యం. పాత 78 రికార్డుల్ని పడుకోబెట్టి దొంతర పెట్టకండి, నిలబెట్టండి. స్పిరిటుతో తుడవకండి, అది లక్క, కరిగిపోతుంది. కొల్లేటి వైపు తేమకి క్యాసెట్టు బూజు పట్టి ఉంటే ప్లేయర్లో పెట్టొద్దు, పని తెలిసినవాడికి ఇవ్వండి. బాగున్నదైనా ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పాకే వినండి. పొరపాటున దానిమీద ఇంకేమీ ఎక్కకుండా వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. ఏ ఊరు, ఏ నాటకం, కృష్ణుడెవరు, హార్మోనియం ఎవరు, తెలిసినంత రాసి పెట్టండి.

మీ అటక మీద ఎక్కడైనా మధ్యలో ఆపకుండా, వచనంతో సహా రాత్రంతా ఎక్కించిన నాటకం ఒక్కటి ఉంటే, ముందుగా దాన్నే డిజిటల్ చేయించండి. పద్యాలు ఎక్కడైనా దొరుకుతాయి.